హోం లోన్ వేరే బ్యాంకుకి మార్చాలి: ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

మియాపూర్_మామూలోడు
2021లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో 42 లక్షలు తీసుకున్నాను. 20 ఏళ్ళకి, 7.2 శాతం. బ్యాంకైతే ఆలస్యమవుతుందని బిల్డరే దగ్గరుండి అక్కడికి తీసుకెళ్ళాడు. తర్వాత రేట్లు పెరిగినప్పుడల్లా ఠంచనుగా మెసేజ్ వచ్చింది. 2025లో ఆర్‌బీఐ నాలుగుసార్లు రెపో (బ్యాంకులకి తను అప్పిచ్చే వడ్డీ రేటు) తగ్గించి 6.50 నుంచి 5.25కి తెచ్చింది కదా, నాకు మాత్రం తగ్గింది పావు శాతం. ఇప్పుడు 9.40 కడుతున్నా. బాకీ 38 లక్షలు, ఈఎంఐ 37,375. ఐదేళ్ళు కట్టినా ఇంకా 17 ఏళ్ళు చూపిస్తోంది, అదో మాయ.

ముందున్నవి మూడు:
ఇంటి దగ్గర ప్రభుత్వ బ్యాంకు 7.75 అంటోంది. మేనేజర్ నోటి మాటే, కాగితం లేదు.
ఒక ప్రైవేటు బ్యాంకు ఏజెంట్ 7.90 అంటున్నాడు. 25 ఏళ్ళకి పెడితే ఈఎంఐ 29 వేలే సార్, పైసా ఖర్చు లేదు, ఇంటికే వస్తా అంటున్నాడు.
పాత కంపెనీవాళ్ళు ఫీజు కడితే 8.35కి తగ్గిస్తారట.

ఎవరిని నమ్మాలో అర్థం కావట్లేదు. మారినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

బెజవాడ_బాబాయ్
ఏజెంట్ ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపు తమ్ముడూ. సంతకం మాత్రం ఇవ్వకు.

శ్రీనగర్‌కాలనీ_అక్క
ముందు పాత కంపెనీనే గట్టిగా అడగండి. మారడం అంటే మళ్ళీ జీతం స్లిప్పులు, మళ్ళీ లీగల్, మళ్ళీ రిజిస్ట్రేషన్ ఆఫీసు. ఉద్యోగం చేసుకుంటూ ఇదంతా ఎవరు తిరుగుతారు?

లెక్కల_మాస్టారు
ఆ 25 ఏళ్ళ మాట దగ్గర ఆగండి. లెక్క వేశాను.

ఇప్పుడున్నట్టే కదలకుండా కూర్చుంటే 37,375 చొప్పున 204 నెలలు, మొత్తం దాదాపు 76.2 లక్షలు కడతారు. ఏజెంట్ చెప్పినట్టు 7.90కి 25 ఏళ్ళకి మారితే ఈఎంఐ 29,078. వినడానికి హాయిగా ఉంది. 300 నెలలకి మొత్తం 87.2 లక్షలు. అంటే రేటు ఒకటిన్నర శాతం తగ్గించుకుని, చివరికి 11 లక్షలు ఎక్కువ కడతారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

అదే 7.75కి మారి, గడువు 17 ఏళ్ళే ఉంచితే ఈఎంఐ 33,570. నెలకి 3,805 మిగులు, మొత్తం మీద 7.7 లక్షల పైచిలుకు.

ఇంకో దారి, నాకు నచ్చేది ఇదే: 7.75కి మారండి, కానీ ఈఎంఐ పాత 37,375నే ఉంచమనండి. అప్పు 166 నెలల్లో తీరిపోతుంది. మూడేళ్ళు ముందే బయటపడతారు, 14 లక్షలు మిగులుతాయి. జేబులోంచి నెలనెలా పోయేది మాత్రం ఇప్పుడు పోతున్నంతే.

గుంటూరు_మిర్చి
మాస్టారూ, లెక్క కరెక్టే, జీవితం అలా ఉండదు. 29 వేల ఈఎంఐ అయితే నెలకి 8 వేలు చేతిలో ఉంటాయి. అది సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) వేస్తే 25 ఏళ్ళకి ఎంతవుతుందో అదీ చెప్పండి.

లెక్కల_మాస్టారు
వేస్తే అవుతుంది. ఈ ఫోరంలో ఈఎంఐ తగ్గించుకుని ఆ తేడా ఠంచనుగా సిప్‌లో వేస్తున్నవాళ్ళు చేతులెత్తండి, చూద్దాం.

బెజవాడ_బాబాయ్
నేను ఆ తేడాతో టీవీ కొన్నాను. 65 అంగుళాలు.

రిటైర్డ్_బ్యాంకర్
అందరూ రేటు దగ్గరే ఆగిపోయారు. ఆ రేటు దేనికి కట్టి ఉందో ఒక్కరూ అడగలేదు.

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) హోం లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి, అంటే బ్యాంకు చేతిలో లేని ఒక రేటుకి, ముడిపెట్టాలి. ఎక్కువ బ్యాంకులు రెపోకే కట్టాయి. కనీసం మూడు నెలలకి ఒకసారి రేటు సవరించి తీరాలి. 7.75 అంటే రెపో 5.25, దాని పైన బ్యాంకు కలుపుకునే 2.50 స్ప్రెడ్ అన్నమాట. రెపో కదిలితే మీ రేటూ కదులుతుంది, మేనేజర్ దయాదాక్షిణ్యాలతో పని లేదు.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ నిబంధన వర్తించదు. వాళ్ళ బెంచ్‌మార్క్ వాళ్ళదే, ఎప్పుడు ఎంత తగ్గించాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. మియాపూర్ గారికి రెపో ఒకటింపావు తగ్గితే పావు శాతమే అందింది అందుకే. ఇప్పుడు ఫీజు కట్టించుకుని 8.35 ఇస్తారు సరే. రెండేళ్ళ తర్వాత కొత్తవాళ్ళకి తక్కువకి ఇస్తూ మిమ్మల్ని అక్కడే వదిలేస్తే? మళ్ళీ ఫీజు.

కాబట్టి బ్యాంకుని అడగాల్సింది రెండు. బెంచ్‌మార్క్ ఏది? నా స్ప్రెడ్ ఎంత? రెండూ శాంక్షన్ లెటర్‌లో రాసి ఉండాలి.

గుంటూరు_మిర్చి
పెరిగేటప్పుడు కూడా అంతే స్పీడుగా పెరుగుతుంది కదా సార్. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. మా బావమరిది రెపో లింక్ అని మురిసిపోయాడు, ఏడాది తిరక్కుండానే ముఖం మాడిపోయింది.

రిటైర్డ్_బ్యాంకర్
నిజమే, కాదనను. కానీ అప్పుడు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు పెంచకుండా ఊరుకున్నాయా? పెరిగేటప్పుడు ఇద్దరూ పెంచుతారు. తేడా తెలిసేది తగ్గేటప్పుడే.

విశాఖ_తీరం
నాది 2017 లోన్, ప్రభుత్వ బ్యాంకే, కానీ ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు సొంతంగా లెక్కగట్టే రేటు) అని ఉంది. నేనూ మారాలా?

రిటైర్డ్_బ్యాంకర్
బ్యాంకు మారక్కర్లేదు. మీ బ్రాంచిలోనే రెపో లింక్‌కి మార్చమని అర్జీ పెట్టండి. స్వల్పంగా ఫీజు తీసుకుంటారు. 2019కి ముందు లోన్లు చాలా అలాగే పడి ఉన్నాయి, అడిగినవాళ్ళకే మారుస్తారు.

శ్రీనగర్‌కాలనీ_అక్క
నేను పైన చెప్పిందీ అదే కదా, ముందు ఉన్నచోటే అడగమని.

నిజాంపేట్_నివాసి
ఖర్చుల సంగతి ఎవరూ రాయలేదు. నేను పోయినేడు మారాను. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. లాయరుకి, వాల్యుయేషన్‌కి వేరే. అసలు దెబ్బ మోడ్ దగ్గర తగిలింది. టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు రిజిస్ట్రేషన్ ఆఫీసులో రాసుకోవాలి కదా, దానికి అప్పు మొత్తం మీద అర శాతం స్టాంపు డ్యూటీ, 0.1 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు. పాత లోన్‌కి కట్టింది వెనక్కి రాదు, కొత్త బ్యాంకుకి మళ్ళీ కట్టాలి. 38 లక్షలకి అదొక్కటే 22,800. అన్నీ కలిపి తడిసి మోపెడైంది.

పైసా ఖర్చు లేదు అన్న ఏజెంట్‌ని మోడ్ చార్జీలు ఎవరు కడతారో అడగండి. ఫోన్ సిగ్నల్ పోతుంది.

లెక్కల_మాస్టారు
థాంక్స్ నివాసి గారూ, అదే కావాలి. ప్రాసెసింగ్ పావు శాతం అనుకుంటే జీఎస్టీతో 11,210. లీగల్, వాల్యుయేషన్ ఒక 7 వేలు. మోడ్ 22,800. మొత్తం 41 వేలు. పాత కంపెనీ ఫీజు ఎంత?

మియాపూర్_మామూలోడు
అర శాతం, ప్లస్ జీఎస్టీ.

లెక్కల_మాస్టారు
అంటే 22,420. మారితే అదనంగా అయ్యేది దాదాపు 18,600. 8.35కి 17 ఏళ్ళ ఈఎంఐ 34,931, 7.75కి 33,570. నెలకి 1,361 తేడా. 14 నెలల్లో అదనపు ఖర్చు రాబట్టుకుంటారు, మిగతా 15 ఏళ్ళ పైన వచ్చేదంతా లాభమే.

మూడు నాలుగేళ్ళలో తీర్చేసే ఆలోచన ఉంటే, బాకీ పది లక్షలే ఉంటే, కదలకండి. తిరుగుడు ఖర్చు కూడా రాదు.

డల్లాస్_తాతయ్య
ఇక్కడ 2021లో 30 ఏళ్ళ ఫిక్స్‌డ్ 3 శాతం లోపు దొరికింది. అప్పుడు లాక్ చేసుకున్నవాళ్ళెవరూ ఇల్లు వదలట్లేదు, ఉద్యోగం మారినా సరే. ఇక్కడ మేం చేసేది ఒకటే, ఒకే రోజు ముగ్గురు లెండర్ల దగ్గర లోన్ ఎస్టిమేట్ కాగితం తీసుకుని పక్కపక్కన పెట్టుకుంటాం. అందరికీ ఒకటే ఫారం కాబట్టి ఎవరెక్కడ ఫీజు దాచారో ఇట్టే తెలుస్తుంది. మీకు అలాంటిది లేదా?

రిటైర్డ్_బ్యాంకర్
ఉంది తాతయ్య గారూ. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. వడ్డీతో పాటు ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటివి కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. మన దగ్గర జనం దాన్ని సంతకం పెట్టాక చూస్తారు. మియాపూర్ గారూ, మూడు చోట్లా ఆ కాగితం అడగండి. ఇవ్వడానికి నసిగేవాళ్ళని అక్కడే వదిలేయండి.

బెజవాడ_బాబాయ్
3 శాతం అని మళ్ళీ మళ్ళీ అనకండి తాతయ్యా, ఇక్కడ గుండెలు ఆగిపోతాయి.

కడప_రాజా
ఇన్సూరెన్స్ అనగానే గుర్తొచ్చింది. మా అన్న మారినప్పుడు కొత్త బ్యాంకులో లోన్ ప్రొటెక్షన్ పాలసీ తీసుకుంటేనే ఆ రేటు అన్నారు. సింగిల్ ప్రీమియం లక్ష పైనే, అది కూడా లోన్‌లోనే కలిపేశారు. అంటే ఆ లక్షకీ 17 ఏళ్ళు వడ్డీ. అడిగితే కంపల్సరీ సార్ అన్నారు. కంపల్సరీ అని రాసి సంతకం పెట్టివ్వండి అన్నాడు మా అన్న. మర్నాటికి కంపల్సరీ కాకుండా పోయింది.

శ్రీనగర్‌కాలనీ_అక్క
కడప గారూ, మీ అన్నకి దండం. అయితే ఇంత అప్పు ఉన్నప్పుడు టర్మ్ పాలసీ మాత్రం విడిగా ఉండాలి. బ్యాంకువాళ్ళు అంటగట్టేది వద్దు అనడం వేరు, అసలు వద్దు అనుకోవడం వేరు.

నిజాంపేట్_నివాసి
మియాపూర్ అన్నా, మీది స్టాండ్‌ఎలోన్ అపార్ట్‌మెంటా? పైన పెంట్‌హౌస్ ఉందా?

మియాపూర్_మామూలోడు
స్టాండ్‌ఎలోనే. ఐదు ఫ్లోర్లు, పైన ఓనర్ వేసిన పెంట్‌హౌస్ ఒకటి ఉంది. దానికీ నా ఫ్లాట్‌కీ సంబంధం ఏంటి?

నిజాంపేట్_నివాసి
అసలు చిక్కంతా అక్కడే ఉంది. నేను మొదట అడిగిన ప్రభుత్వ బ్యాంకు నన్ను తిప్పి పంపింది అందుకే. వాళ్ళ ఇంజినీరు వచ్చి, శాంక్షన్డ్ ప్లాన్ పక్కన పెట్టుకుని, గేటు దగ్గరే నిలబడి ఫ్లోర్లు లెక్కపెట్టాడు. ప్లాన్‌లో ఐదు, బిల్డింగ్‌లో ఆరు. లోపలికి కూడా రాలేదు. నా మూడో ఫ్లోర్ ప్లాన్ ప్రకారమే ఉంది మొర్రో అన్నా వినలేదు. ఓసీ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉందని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) అడిగారు, మా బిల్డర్ దాని ఊసే ఎత్తడు. చివరికి ఇంకో బ్యాంకు నా ఫ్లాట్ వరకు చూసి ఒప్పుకుంది, రేటు 0.15 ఎక్కువ.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటివి చూసీ చూడనట్టు ఇచ్చేస్తాయి. బిల్డర్ మిమ్మల్ని అక్కడికే ఎందుకు తీసుకెళ్ళాడనుకున్నారు?

మియాపూర్_మామూలోడు
వామ్మో. ఇది నా బుర్రకే రాలేదు.

రిటైర్డ్_బ్యాంకర్
నివాసి గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మన ఊళ్ళలో లెండర్‌ని మనం ఎంచుకోవడం సగమే, మన కాగితాలు ఎంచుకునేది మిగతా సగం. ప్రాసెసింగ్ ఫీజు కట్టకముందే ప్లాన్, లింక్ డాక్యుమెంట్ల (పాత దస్తావేజుల) జిరాక్సులు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) పట్టుకెళ్ళి బ్యాంకు ప్యానెల్ లాయరుకి చూపించమనండి. ఒరిజినల్స్ పాత కంపెనీ దగ్గర ఉంటాయి కాబట్టి వాళ్ళని లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ అడిగి తీసుకోండి. అందులో ఏదైనా కాగితం మిస్సయి ఉంటే అది ఇప్పుడే బయటపడాలి, కొత్త బ్యాంకు పాత కంపెనీకి చెక్కు ఇచ్చాక కాదు.

ఇంకో మాట. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లికేషన్లు పెట్టకండి. ప్రతివాడూ సిబిల్ (మన అప్పుల చరిత్ర, స్కోరు) లాగుతాడు, స్కోరు తగ్గుతుంది. విచారణ ఎంతమందినైనా చేయొచ్చు, అప్లికేషన్ ఒకటి రెండు చోట్లే.

గుంటూరు_మిర్చి
ప్రభుత్వ బ్యాంకులో రేటు తక్కువే, పని అయ్యేసరికి గడ్డం నెరుస్తుంది. మా బ్రాంచిలో ఫైలు కదలదు, అడిగితే ప్రాసెసింగ్ సెంటర్‌లో ఉంది అంటారు. అక్కడికి పోతే బ్రాంచిలో ఉంది అంటారు. ఆ 0.15 తేడాకి ప్రైవేటే నయం. యాప్‌లో అన్నీ కనపడతాయి, పార్ట్ పేమెంట్ అర్ధరాత్రి కూడా కట్టొచ్చు.

విశాఖ_తీరం
అర్ధరాత్రి పార్ట్ పేమెంట్ కట్టే మనిషిని మీలోనే చూస్తున్నా.

కడప_రాజా
మిర్చి గారూ, ప్రైవేటులో మీకు శాంక్షన్ దాకా రాచమర్యాద. ఆ తర్వాత రిలేషన్‌షిప్ మేనేజర్ ఆర్నెల్లకి ఒకడు మారతాడు. ప్రభుత్వ బ్యాంకులో కనీసం వెళ్ళి కూర్చుంటే ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఎవరి ఓపిక వాళ్ళది.

శ్రీనగర్‌కాలనీ_అక్క
చేతిలో అప్పుడప్పుడు పెద్ద మొత్తం ఆడేవాళ్ళైతే ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ లోన్లు కూడా చూడండి. మిగులు డబ్బు ఆ ఖాతాలో ఉన్నన్ని రోజులూ అంత మేరకి వడ్డీ పడదు, కావాలంటే తీసుకోవచ్చు. మా తమ్ముడికి వ్యాపారం, వాడికి బాగా పనికొచ్చింది. నెల జీతం నెలాఖరుకి అయిపోయేవాళ్ళకి దండగ.

మియాపూర్_మామూలోడు
పాత కంపెనీవాడు ముందే క్లోజ్ చేస్తే 2 శాతం పెనాల్టీ అంటున్నాడు ఫోన్లో. నిజమేనా?

రిటైర్డ్_బ్యాంకర్
మీ పేరు మీద వ్యక్తిగతంగా తీసుకున్న ఫ్లోటింగ్ హోం లోన్ అయితే ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. బ్యాంకులకి 2012 నుంచే ఆ నిబంధన ఉంది, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకీ వర్తిస్తుంది. ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో అడగండి. ఫిక్స్‌డ్ రేటు అయితే అగ్రిమెంట్ చూసుకోవాలి.

మియాపూర్_మామూలోడు
ఈమెయిల్ పెట్టాను. ఫ్లోటింగ్ కాబట్టి చార్జీలు లేవు అని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఫోన్లో బెదిరించింది ఎవరో మరి!

లెక్కల_మాస్టారు
టార్గెట్ ఉన్నవాడు.

మియాపూర్_మామూలోడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. ప్రభుత్వ బ్యాంకు లాయరు పెంట్‌హౌస్ గురించి అడిగాడు. మా ఫ్లోర్ ప్లాన్ ప్రకారమే ఉందని, యూడీఎస్ (స్థలంలో నా వాటా) సరిపోయిందని చూసి ఓకే అన్నాడు. కానీ రేటు 7.75 కాదు, 7.80 అట. సిబిల్ 748 ఉంది, 750 దాటితేనే ఆ రేటు అన్నారు. రెండు పాయింట్లకి! శాంక్షన్ లెటర్ పాత కంపెనీకి పంపితే వాళ్ళు ఉన్నట్టుండి 8.05 ఇస్తాం, ఫీజు కూడా మాఫీ అంటున్నారు. ఇప్పుడు పావు శాతమే తేడా. మా ఆవిడ ఉన్నచోటే ఉండిపోదాం అంటోంది.

శ్రీనగర్‌కాలనీ_అక్క
ఆవిడ మాట వినండి. చేతి నుంచి పైసా పడకుండా 9.40 నుంచి 8.05కి వచ్చారు.

గుంటూరు_మిర్చి
నేనూ అక్క వైపే. 41 వేలు పోసి పావు శాతం కోసం పరుగెత్తడం అనవసరం.

లెక్కల_మాస్టారు
పావు శాతం అంటే మొదటి ఏడాది 9,500 దాకా. 41 వేలు రాబట్టడానికి నాలుగేళ్ళ పైనే పడుతుంది. ఒట్టి రేటు చూస్తే ఉండిపోవడమే లాభం, ఒప్పుకోవాలి.

రిటైర్డ్_బ్యాంకర్
నేను ఒప్పుకోను. ఇవాళ శాంక్షన్ లెటర్ చూపిస్తే 8.05 ఇచ్చినవాళ్ళు నిన్నటిదాకా 9.40 ఎందుకు వసూలు చేశారు? బెంచ్‌మార్క్ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. 17 ఏళ్ళలో రేటు ఎన్నిసార్లు మారుతుందో, అన్నిసార్లూ ఇలా శాంక్షన్ లెటర్ తెచ్చి బెదిరిస్తూ కూర్చుంటారా? రెపో లింక్‌కి ఆ 41 వేలు నేనైతే కడతాను. ఇప్పుడు బ్యాంకులు పాత కస్టమర్లకి మూడేళ్ళు ఆగకుండానే స్ప్రెడ్ తగ్గించే వెసులుబాటు కూడా 2025 అక్టోబరు నుంచి వచ్చింది. స్కోరు 750 దాటాక అడిగి చూడొచ్చు.

కడప_రాజా
బ్యాంకర్ గారికి నా ఓటు. ఐదేళ్ళు కట్టినా 17 ఏళ్ళు మిగిలాయంటే ఆ కంపెనీ ఎలా నడిపిందో తెలుస్తూనే ఉంది.

నిజాంపేట్_నివాసి
పన్ను విషయం కూడా చూసుకోండి. పాత విధానంలో ఉంటే మారిన లోన్ మీద కూడా 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు వస్తుంది, ఆ ఏడాదికి రెండు చోట్ల నుంచీ సర్టిఫికెట్ తీసుకోవాలి. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఏమీ రాదు.

మియాపూర్_మామూలోడు
కొత్త విధానమే నాది. ఇంట్లో రెండు రాత్రులు గొడవయ్యాక మారడానికే ఫిక్స్ అయ్యాం. ఈఎంఐ పాతదే ఉంచుతున్నాం, కాబట్టి 17 ఏళ్ళ కంటే ముందే తీరిపోతుంది. చెక్కు సోమవారం ఇస్తారు. కాగితాలు ఎన్నాళ్ళకి వస్తాయి?

రిటైర్డ్_బ్యాంకర్
అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్స్ ఇచ్చేయాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న చార్జీ కూడా తీయించాలి. వాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు కట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఉన్న నిబంధన ఇది. మీరు కొత్త బ్యాంకు మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి, లిస్ట్‌తో టిక్కు పెట్టుకుంటూ ఒక్కో కాగితం తీసుకోండి. పాత ఈఎంఐ మాండేట్ (ఖాతాలోంచి కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతి) రద్దు చేయించడం మర్చిపోవద్దు, లేకపోతే వచ్చే 5వ తేదీన రెండు ఈఎంఐలు కట్ అవుతాయి. నెల తర్వాత కొత్త ఈసీ తీసి పాత మోడ్ రద్దయినట్టు ఎక్కిందో లేదో చూడండి.

విశాఖ_తీరం
మాది పంచాయతీ లేఅవుట్‌లో ఇల్లు. ఇదే దారిలో వెళ్తే ఏ బ్యాంకైనా తీసుకుంటుందా?

బెజవాడ_బాబాయ్
దానికి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, అది ఇంకో పది పేజీలు పోతుంది.